లకుముకి నవ్వు

వీరభద్రం చేసే ఉద్యోగం వినడం. మిషిగన్‌లోని ట్రాయ్‌లో, కార్ల కంపెనీలకు విడిభాగాలు తయారుచేసే ఒక సంస్థలో ఇరవై రెండేళ్లుగా అతని పని అదే. కొత్త మోడల్ కారు బజారులోకి రాకముందే అందులో కూర్చుని ఎక్కడ కీచుమంటోందో, ఎక్కడ గరగరమంటోందో, ఏ స్క్రూ వదులై గొణుగుతోందో కనిపెట్టి చెప్పాలి. ఎన్ని మైక్రోఫోన్లు పెట్టినా, ఎన్ని గ్రాఫులు గీసినా చివరికి "భద్రాన్ని ఓసారి ఎక్కించండి" అనేవాళ్లు. అతను కళ్లు మూసుకుని ఓ పది మైళ్లు తిరిగొచ్చి, "ఎడంపక్క వెనక సీటు, బెల్టు బకిల్" అని చెప్పి దిగిపోయేవాడు. విప్పి చూస్తే తప్పు అక్కడే ఉండేది.

యాభై నాలుగో ఏట, సెప్టెంబర్లో ఒక మధ్యాహ్నం, కొత్తగా చేరిన ఇంజినీరు స్మృతి అతని పక్క సీట్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. కారు హైవే మీద డెబ్బైలో పోతోంది. "భద్రం గారూ, మిర్రర్ దగ్గర సన్నగా విజిల్ వస్తోంది కదా" అంది. వీరభద్రం చెవులు రిక్కించాడు. గాలి వినిపించింది, టైర్లు వినిపించాయి, స్మృతి గాజు లాప్‌టాప్‌కి తగలడం కూడా వినిపించింది. ఈల మాత్రం లేదు. స్క్రీన్ మీద తొమ్మిది వేల హెర్ట్జ్ దగ్గర సూదిలా ఓ గీత లేచి నిలబడి ఉంది.

"ఆ, ఉంది. సన్నగా ఉంది" అన్నాడు.

విననిదాన్ని విన్నానని చెప్పడం అతనికి అదే మొదటిసారి. ఇంటికొచ్చి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. భార్య వసంతలక్ష్మితో చెబితే మర్నాడే డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేస్తుందని తెలుసు. డాక్టర్ కాగితం మీద రాస్తే అది నిజమైపోతుంది.

ఆ నెలాఖరులో పెద్ద గాలివాన వచ్చింది. కొమ్మలు విరిగిపడి, ఒక పూటంతా కరెంటు పోయింది. అది వెలిసిన రెండో రోజు తెల్లవారుతుండగా వీరభద్రానికి మెలకువ వచ్చింది. కిటికీ బయట మేపుల్ చెట్టు బూడిదరంగు వెలుగులో నిద్రపోతున్నట్టు ఉంది. అంతలో ఎవరో నవ్వారు.

ముందు గొంతులోనే చిన్నగా, నవ్వాలా వద్దా అని తేల్చుకోలేని మనిషిలా మొదలైంది. తరవాత ఒక్కో మెట్టే ఎక్కుతూ పెద్దదై, తెరలు తెరలుగా పొంగి, ఊరంతటి మీదా పరుచుకుంది. చివర్లో మాత్రం పాత స్కూటర్‌ని కిక్ కొడితే అందుకోబోయి ఆగిపోయినట్టు, ఒక చిన్న ఎక్కిలితో తెగిపోయింది.

అతను లేచి కూర్చున్నాడు. వసంతలక్ష్మి పక్కకి తిరిగి పడుకుని ఉంది. ఆమెకి ఫ్యాన్ హోరు లేనిదే నిద్ర పట్టదు. డిసెంబర్లో కూడా తలదగ్గర టేబుల్ ఫ్యాన్ గోడవైపు తిప్పి పెట్టుకుంటుంది.

మర్నాడూ అదే నవ్వు. ఆ మర్నాడూ అదే, ఏడు కొట్టడానికి కాస్త ముందు. అయిదో రోజు కాఫీ తాగుతూ, మాటవరసకి అన్నట్టు అడిగాడు. "పొద్దున్నే ఎవరో నవ్వుతున్నారు. నీకేమైనా వినిపించిందా?"

"ఎవరింట్లోనో టీవీ అయ్యుంటుంది" అంది వసంతలక్ష్మి.

కూతురు హంసిక హైస్కూల్ ఆఖరి సంవత్సరంలో ఉంది. పాలు పోసుకున్న సీరియల్ గిన్నెలోంచి తలెత్తకుండానే, "నాకు హెడ్‌ఫోన్స్ ఉంటాయి నాన్నా. ఐ హియర్ నథింగ్" అంది.

ఆ రోజు ఆఫీసులో తలుపు వేసుకుని కంప్యూటర్లో చదివాడు. చెవులకు కొన్ని శబ్దాలు అందడం మానేస్తే, ఆ ఖాళీలో మెదడు తనంతట తానే శబ్దాలు పుట్టిస్తుందట. కొందరికి గంటలు, కొందరికి పాటలు. నవ్వు సంగతి అక్కడ రాయలేదు కానీ, రాయకపోయినా అతనికి అర్థమైంది. ఆ రాత్రి భయం వేసింది. చిత్రమేమిటంటే, భయపడుతూనే తెల్లవారుజాము కోసం ఎదురుచూశాడు. ఆ నవ్వు అంత బాగుంది.

శనివారం ఇక ఆగలేక, చలికోటు వేసుకుని బయటికి నడిచాడు. వాళ్ల ఇళ్లున్న సబ్‌డివిజన్ వెనక, వాననీళ్లు నిలవడానికి తవ్విన పెద్ద చెరువు ఉంది. దాని చుట్టూ నడకదారి, అవతల కాస్త అడవి. పొగమంచు నీళ్ల మీంచి లేచి నడుము దాకా నిండి ఉంది. మేపుల్ ఆకులు ఆ మంచులోంచి ఎర్రగా, పసుప్పచ్చగా అక్కడక్కడ మాత్రమే కనిపిస్తున్నాయి, నీళ్లలో వదిలిన దీపాల్లా. నాలుగు అడుగులు వేశాడో లేదో, నవ్వు వినిపించింది. ఈసారి దూరంగా లేదు. చెరువుకి ఆ మలుపులోనే ఉంది.

వీరభద్రం చప్పుడు చెయ్యకుండా, కాస్త వంగి, చెట్లను పట్టుకుంటూ వెళ్లాడు. మంచు పలచబడ్డచోట ఒక ముసలావిడ నిలబడి ఉంది. మగవాళ్ల రెయిన్‌కోటు కింద పూలపూల నైట్‌గౌను, కాళ్లకు రబ్బరు బూట్లు, ఎడంచేతికి తోటపని చేసే మందపాటి తోలు గ్లవ్. తల వెనక్కి వాల్చి, చెట్ల కొమ్మల్లోకి చూస్తూ, నోరారా నవ్వుతోంది. చివర్లో ఆ ఎక్కిలి కూడా ఉంది.

అతను కదలకుండా నిలబడిపోయాడు. ఆవిడ అటు తిరిగి, ఏమాత్రం సిగ్గుపడకుండా, "గుడ్ మార్నింగ్. కొంచెం కుడిపక్కకి వచ్చి మాట్లాడండి. ఎడమ చెవి నాకు పనిచెయ్యదు" అంది. ఆవిడ ఇంగ్లిష్ అమెరికన్ ఇంగ్లిష్‌లా లేదు. అక్షరాలు ఎండలో ఆరేసినట్టు సాగి ఉన్నాయి.

"రోజూ నవ్వేది మీరేనా?" అని అడిగాడు వీరభద్రం.

ఆవిడ ముఖం మారిపోయింది. "రోజూనా? నేను ఇక్కడికి రావడం ఇవాళే మొదలు. మీరు రోజూ విన్నారా? ఎక్కడ?"

ఆవిడ పేరు మేవిస్. చెరువుకి అవతల అడవి దాటితే వచ్చే పాత ఇంట్లో ఒక్కతే ఉంటుంది. పుట్టింది ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రపు కొండల్లో. యాభై ఏళ్ల కిందట ఒక అమెరికన్ ఇంజినీరుని పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చింది. ఆయన పోయి ఆరేళ్లు. అన్నీ అక్కడే నిలబడి, ఫ్లాస్కులో టీ మూతలోకి వంచి అతని చేతిలో పెట్టి చెప్పింది. రెయిన్‌కోటు జేబులోంచి ఒక ఫోటో తీసి చూపించింది.

కాకంత పిట్ట. ఒంటికి మించిన తల, తలకి మించిన ముక్కు. తెల్లటి ఛాతీ, కంటి మీంచి గోధుమరంగు పట్టీ, రెక్క మీద ఎవరో వేలితో అద్దినట్టు నీలం.

"దీన్ని కూకబర్రా అంటారు. నా నెల్లీ" అంది మేవిస్.

"మా వైపు లకుముకి అనే పిట్ట ఉంటుంది. దానికి పెద్దక్కలా ఉంది ఇది" అన్నాడు వీరభద్రం.

"అక్కే. ఒకటే వంశం. కానీ ఇది చేపల జోలికి పోదు. పాములు, ఎలకలు, కప్పలు. మా కొండల్లో వీటి నవ్వుతోనే తెల్లవారుతుంది. గడియారాలు లేని రోజుల్లో అడవిలో పనిచేసేవాళ్లు దాన్ని వినే లేచేవాళ్లు. నవ్వంటే సంతోషం కాదు లెండి. 'ఈ చెట్టు మాది, మేమిక్కడ ఉన్నాం' అని చెప్పడం. ఒకటి మొదలుపెడితే ఇంటిల్లిపాదీ అందుకోవాలి."

నెల్లీ ఆస్ట్రేలియా ఎప్పుడూ చూడలేదు. ఒహాయోలో పక్షులు పెంచేవాళ్ల దగ్గర గుడ్డులోంచి వచ్చింది. ఈ జాతి పిల్లలు నవ్వడం పెద్దవాళ్ల దగ్గర నేర్చుకుంటాయి. నెల్లీకి నేర్పడానికి ఎవరూ లేరు కనక మేవిస్సే రోజూ పొద్దున్నే గంటసేపు దాని ఎదురుగా కూర్చుని నవ్వింది. మూడు నెలలకు నెల్లీ నవ్వింది, ఆవిడ ఎక్కిలితో సహా.

గాలివానలో కొమ్మ విరిగి పెరట్లోని పక్షి గది మీద పడింది. వల చిరిగి నెల్లీ ఎగిరిపోయింది. ఇవాళ్టికి పదకొండు రోజులు. "నాకు దాని నవ్వు అప్పుడప్పుడు వినిపిస్తూనే ఉంది. కానీ ఎటునుంచో తెలియడంలేదు. పిలిచి పిలిచి గొంతు పోయింది. బుధవారం గడ్డకట్టే చలి అంటున్నారు" అంది మేవిస్. అంత నవ్వు నవ్విన మనిషి ఆ ఒక్క మాట చాలా చిన్నగా అంది.

ఎటునుంచో ఎందుకు తెలియడంలేదో వీరభద్రానికి వెంటనే అర్థమైంది. దిక్కు తెలియాలంటే రెండు చెవులు కావాలి. ఒక చెవికి కాస్త ముందు, ఇంకో చెవికి కాస్త వెనక చేరే శబ్దాన్ని బట్టి మనసు లెక్క కట్టుకుంటుంది. అతనికి ఒళ్లు తేలికైపోయింది. నవ్వు తన తలలో పుట్టింది కాదు. బయట, నిజంగా, ఒక చెట్టు మీద ఉంది. ఎదుటివాళ్ల కష్టం విని తేలికపడుతున్నందుకు సిగ్గేసి, ఆ సిగ్గులోనే "నేను వెతికిపెడతానండీ. నా పని అదే" అనేశాడు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే వసంతలక్ష్మి చాలాసేపు అతని ముఖంలోకి చూసింది. "నైట్‌గౌనులో ఒక ముసలావిడ పిట్టలా నవ్వుతోంది. మీరు వెళ్లి టీ తాగి వచ్చారు. ఇంకెవరికీ చెప్పకండి" అంది. అన్నదే కానీ, సాయంత్రం ఒక డబ్బా నిండా పులిహోర సర్ది, "ఒక్కతే ఉంటుందన్నారు కదా" అని చేతిలో పెట్టింది.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి ఇంట్లోని ముగ్గురూ వాకిట్లో నిలబడ్డారు. ఒక్కడే వెతికితే లాభం లేదని వీరభద్రానికి తెలుసు. ఇళ్ల గోడలూ చెరువు నీళ్లూ కలిసి ప్రతిధ్వనితో తికమకపెడతాయి. అందుకని మూడు ఫోన్లలోనూ రికార్డింగ్ పెట్టి, వాటి మధ్య గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టాడు. ఆ చప్పట్టుతో మూడింటి టైమూ కలుస్తుంది. శబ్దం సెకనుకి మూడువందల నలభై మీటర్లు పోతుంది. నవ్వు ఏ ఫోన్‌కి ఎంత ముందు చేరిందో తెలిస్తే పిట్ట ఎక్కడుందో కాగితం మీద గుర్తుపెట్టొచ్చు. హంసికని చెరువుగట్టుకి, వసంతలక్ష్మిని చర్చి పార్కింగ్‌కి పంపి, తను పిల్లల పార్కులో ఉయ్యాల పక్కన నిలబడ్డాడు.

ఆకాశం పాలరంగులోంచి గులాబీలోకి మారుతుండగా నవ్వు వచ్చింది. అది తెగిపోయిన ఒక నిమిషానికి అతని జేబులో ఉన్న ఆఫీసు ఫోన్ మోగింది. వసంతలక్ష్మి.

"విన్నానండీ" అంది. చర్చి పార్కింగ్‌లో ఒంటరిగా నిలబడి, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఆమె ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. కాసేపాగి, "మనిషి నవ్వినట్టే ఉంది. మా అమ్మమ్మ ఇలాగే నవ్వేది, మంచం మీద చేత్తో కొట్టుకుంటూ" అంది.

ఇంటికొచ్చి వీరభద్రం, హంసికా డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. మూడు రికార్డింగులూ ఒకదాని కింద ఒకటి పరిచాడు. స్క్రీన్ మీద నవ్వు కొండల వరుసలా కనిపించింది.

"నాన్నా, నా దాంట్లో క్రికెట్ ఒకటి అరుస్తోంది. కట్ చెయ్యనా?" అంది హంసిక.

వీరభద్రం చూశాడు. పైన, ఎనిమిది వేలకు పైన, చుక్కలు చుక్కలుగా ఒక గీత. "ఆ, కీచురాయి. వినిపిస్తూనే ఉంది. ఉండనీ, దానివల్ల ఇబ్బంది లేదు" అన్నాడు.

రికార్డింగులో పిట్ట నవ్వకముందున్న ముక్కని వినిపిస్తూ హంసిక మౌస్ మీద చెయ్యి వేసింది. "ఇప్పుడు?"

"ఇప్పుడూ ఉంది."

"నాన్నా, నేను మ్యూట్ చేశాను" అంది హంసిక మెల్లిగా.

గదిలో ఫ్రిజ్ హోరు ఒక్కటే ఉంది. అది అతనికి బాగానే వినిపిస్తోంది. వంటింట్లో వసంతలక్ష్మి దోసెలు పోస్తోంది. హంసిక అటు ఓసారి చూసి, తండ్రి చేతి మీద చెయ్యి వేసి, "ఎప్పటినుంచి?" అంది.

"తెలీదమ్మా. తెలిసింది మాత్రం ఈ మధ్యే."

"అమ్మకి నువ్వు చెప్తావా?"

"చెప్తాను."

"ఓకే. ఇప్పుడు నెల్లీని చూద్దాం" అంది. ఇద్దరూ మళ్లీ స్క్రీన్ వైపు తిరిగారు. ఆ తరవాత పైన కనిపించే సన్నటి శబ్దాలన్నీ హంసిక తనే చదివి చెప్పింది, అదేదో ముందునుంచీ అనుకున్నట్టు.

మ్యాప్ మీద మూడు గీతలూ చెరువుకి ఉత్తరం ఒడ్డున, ఒక ఎండిపోయిన కాటన్‌వుడ్ చెట్టు దగ్గర కలిశాయి. మధ్యాహ్నం మేవిస్‌ని తీసుకుని వెళ్లి చూస్తే, అంత ఎత్తున, ఆకుల్లేని కొమ్మ మీద, తల భుజాల్లోకి దించుకుని కూర్చుని ఉంది నెల్లీ. మేవిస్ చేతికి గ్లవ్ తొడుక్కుని, మాంసం ముక్క పైకెత్తి పిలిచింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నెల్లీ వినలేదు.

అప్పుడు వీరభద్రం ఒక తప్పు చేశాడు. ఆఫీసు పనికి వాడే మంచి స్పీకర్ ఒకటి ఇంట్లో ఉంది. ఇంటర్నెట్‌లో దొరికిన కూకబర్రాల నవ్వు అందులో ఎక్కించి, సాయంత్రం చెట్టు కింద పెట్టాడు. మేవిస్ ఏదో చెప్పబోయి ఊరుకుంది. స్పీకర్‌లోంచి అచ్చమైన ఆస్ట్రేలియా అడవి నవ్వు, నాలుగైదు పిట్టలది, ఎక్కడా ఎక్కిలి లేకుండా లేచింది. కొమ్మ మీద నెల్లీ ఒక్కసారిగా సన్నబడిపోయింది. ఈకలన్నీ ఒంటికి అంటించుకుని, కర్రముక్కలా నిటారుగా బిగుసుకుంది. మరుక్షణం రెక్కలు విప్పి చెరువు దాటి, చీకటిపడుతున్న అడవిలోకి వెళ్లిపోయింది.

వీరభద్రం స్పీకర్ ఆపాడు.

"అవి ఎవరో దానికి తెలీదు కదా. ఒక గుంపు వచ్చి 'ఈ చెట్టు మాది, నువ్వు పో' అంటే పోక ఏం చేస్తుంది" అంది మేవిస్ గొంతు లేని గొంతుతో. ఆ మాటలో కోపం లేదు. లేనందుకే అతనికి ఇంకా కష్టమనిపించింది.

ఆవిడని ఇంటి దాకా దింపడానికి అడవిలోంచి నడుస్తుంటే, ఇద్దరి కాళ్ల కిందా ఆకులు గలగలమంటున్నాయి. మేవిస్ ఆగి, ఒక ఆకు తీసి అటూ ఇటూ తిప్పింది. "మా ఊరి చెట్లు ఆకులు రాల్చవు తెలుసా. బెరడు రాలుస్తాయి. వేసవి వస్తే పొడుగాటి చీలికలుగా చర్మం ఊడిపడిపోయి, లోపల చెట్టు గులాబీగా, పచ్చగా, కొత్తపిల్లలా ఉంటుంది. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది అక్టోబర్లో ఈ ఆకులన్నీ రాలుతుంటే, చెట్లకి ఏదో జబ్బు చేసిందని మా ఆయనని తిట్టాను, మందు కొట్టించమని."

వీరభద్రానికి నవ్వొచ్చింది. అదిరిపడినట్టు, ముక్కులోంచి వచ్చిన చిన్న నవ్వు. మేవిస్ ఆకు వదిలేసి అతని వైపు తిరిగింది.

"ఇంకోసారి నవ్వండి" అంది. "నేను మొదలుపెట్టగలను. ఆ చిన్న గొణుగుడు వరకూ గొంతు ఉంది. తరవాత అందుకోవడానికి మనుషులు కావాలి. మీ ఇంట్లో ఎంతమంది?"

సోమవారం ఏడుకి నలుగురూ ఉత్తరపు ఒడ్డున, కాటన్‌వుడ్ కింద నిలబడ్డారు. గడ్డి మీద అప్పుడే తెల్లటి నూగు పట్టి ఉంది. వీరభద్రం ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని మెసేజ్ పెట్టాడు. వసంతలక్ష్మి శాలువా తలమీంచి కప్పుకుని, చుట్టూ ఇళ్ల కిటికీల వైపు చూస్తూ, "ఎవరైనా వీడియో తీస్తే నేను గుడికి ఎలా వెళ్లాలి?" అని గొణిగింది.

మేవిస్ కళ్లు మూసుకుంది. గొంతులో ఎక్కడో లోపల, నీళ్లు కాగడం మొదలైనట్టు, కుకుకుకు అని కదిలింది. చెయ్యి ఎత్తి సైగ చేసింది. హంసిక అందుకుంది. చిన్నపిల్ల గొంతు కనక పైకి తేలింది. తరవాత వీరభద్రం. అతని నవ్వు మొదట గొంతు సవరించుకున్నట్టు, ఆఫీసు మీటింగులో మర్యాదకి నవ్వినట్టు వచ్చింది. రెండోసారి పొట్టలోంచి తియ్యబోతే దగ్గు వచ్చి, దగ్గుకీ నవ్వుకీ మధ్య గాడిద కూతలాంటిదేదో బయటపడింది.

వసంతలక్ష్మి అతన్ని చూసింది. పాతికేళ్ల కాపురంలో ఆ మనిషి నోట అటువంటి చప్పుడు ఆమె వినలేదు. శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఆపుకోలేక వంగిపోయి, మోకాలి మీద చేత్తో కొట్టుకుంటూ, గొంతెత్తి నవ్వింది. ఆమెని చూసి హంసిక, హంసికని చూసి వీరభద్రం. ఇక ఎవరూ పిట్టలా నవ్వడానికి ప్రయత్నించడంలేదు. చెరువు మీద మంచు కదిలింది. నవ్వు నీళ్లకి తగిలి తిరిగొచ్చి, నలుగురూ ఎనమండుగురు అయినట్టు వినిపించింది. మేవిస్ మాత్రం కళ్లు తెరవలేదు. ఊపిరి కూడదీసుకుని, గొంతు చీలుతున్నా, చివర ఆ ఎక్కిలిని జతచేసింది.

అడవి లోపలినుంచి జవాబు వచ్చింది.

ముందు దూరంగా. తరవాత దగ్గరగా. తరవాత వాళ్ల తలల మీదే, కొమ్మ ఊగేంత బలంగా. మేవిస్ కళ్లు తెరిచి, ఎటు చూడాలో తెలియక తల తిప్పుతుంటే, వీరభద్రం ఆవిడ భుజాలు పట్టుకుని మెల్లిగా ఆ వైపు తిప్పాడు. నెల్లీ ఒక్కో కొమ్మా దిగింది. చివరి కొమ్మ మీద ఆగి, నలుగుర్నీ వరుసగా చూసింది. గ్లవ్ మీదికి వాలింది.

మాంసం ముక్కని వెంటనే మింగలేదు. ముక్కుతో పట్టుకుని, పక్కనున్న బెంచీ అంచుకి ఠప్ ఠప్‌మని బాదింది. అది ఎప్పుడో చచ్చిన కోడి అని దానికి ఎవరు చెప్పాలి. మేవిస్ దాని తలమీద గడ్డం ఆనించి అలాగే ఉండిపోయింది. ఆవిడ ఏడుస్తోందో, గొంతు నొప్పికి కళ్లల్లో నీళ్లొచ్చాయో వాళ్లు అడగలేదు.

మేవిస్ తెచ్చుకున్న పంజరంలో నెల్లీని పెట్టి, ఆవిడని ఇంటి దగ్గర దింపి, హంసికని స్కూల్లో దింపి, మొగుడూ పెళ్లాం ఇద్దరే కారులో ఉండగా వీరభద్రం చెప్పాడు. అద్దం దగ్గర ఈల, అబద్ధం, కీచురాయి, అన్నీ. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు.

వసంతలక్ష్మి అతని వైపు తిరిగింది. "హంసికకి ముందు తెలుసా?"

"నేను చెప్పలేదు. అదే పట్టుకుంది."

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "రెండేళ్లుగా మీరు టీవీ సౌండ్ పెంచుతుంటే, నా మాట వినడం ఇష్టంలేక పెంచుతున్నారనుకున్నాను" అంది. "నేను పిలిస్తే పలకనప్పుడల్లా అలాగే అనుకున్నాను."

వీరభద్రం కారు రోడ్డు పక్కకి తీసి ఆపాడు. పసుప్పచ్చటి ఆకులు అద్దం మీద పడుతూ ఉన్నాయి.

బుధవారం గడ్డకట్టింది. గురువారం వీరభద్రం తన మేనేజర్‌కి చెప్పాడు. అనుకున్నంత ఏమీ జరగలేదు. అలాగని ఏమీ జరగలేదనీ కాదు. సన్నటి శబ్దాల పరీక్షలు స్మృతికి ఇచ్చారు. ఇంజిన్ నుంచి, టైర్ల నుంచి వచ్చే లోగొంతు మూలుగులు అతనికే ఉంచారు. కొన్నాళ్లు మనసు చివుక్కుమంది. తరవాత ఇద్దరినీ ఒకే కారులో కూర్చోబెట్టడం అలవాటైంది. పై శబ్దాలు ఆ అమ్మాయి, కింది శబ్దాలు అతను. మధ్యలో వచ్చేవాటికి వాదించుకుంటారు. నవంబర్లో రెండు చెవులకీ చిన్న మిషన్లు వచ్చాయి. మొదటిరోజు అన్నంలోకి అప్పడం విరిస్తే అదిరిపడ్డాడు.

ఆదివారాలు మేవిస్ ఇంటికి వెళ్లడం మొదలైంది. పక్షి గదికి కొత్త వల, చలికి హీటరు వీరభద్రం బిగించాడు. వసంతలక్ష్మి అల్లం టీ పెడుతుంది. అది టీ కాదని మేవిస్ ప్రతిసారీ అంటుంది, రెండు కప్పులు తాగుతుంది.

డిసెంబర్లో ఒక మధ్యాహ్నం బయట మంచు పెద్ద పెద్ద రేకులుగా, తొందరేమీ లేనట్టు పడుతోంది. మేవిస్ తన దేశం సంగతులు చెబుతోంది. ఇప్పుడక్కడ మండువేసవి. వసంతకాలంలో మాగ్‌పై పిట్టలు గుడ్లు పెట్టినప్పుడు దారినపోయేవాళ్ల తలలు పొడుస్తాయట. తన చిన్నప్పుడు పిల్లలు ఐస్‌క్రీమ్ డబ్బాకి వెనకవైపు కళ్ల బొమ్మలు గీసి, దాన్ని తలమీద బోర్లించుకుని బడికి పోయేవారట. ఎడారిలో ఒక ఊళ్లో ఎండకి ఆగలేక జనం భూమి లోపల ఇళ్లు తొలుచుకుని ఉంటారట. ఒక చోట చెరువు నీళ్లు గులాబీరంగులో ఉంటాయట.

"ఇదొక్కటి మాత్రం నేను నమ్మను" అంది వసంతలక్ష్మి.

హంసిక ఫోన్‌లో వెతికి చూపించింది. సముద్రం పక్కనే, అడవి మధ్యలో, రోజ్‌మిల్క్ గ్లాసు ఒలికినట్టు ఒక చెరువు. ముగ్గురు ఆడవాళ్లూ దానిమీదికి వంగారు.

వీరభద్రం కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. హీటర్ వెచ్చదనానికి కళ్లు మూతలు పడుతున్నాయి. మిషన్లు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. మాటల అంచులన్నీ కరిగిపోయి, వాటి కింద ఉండే మెత్తటి రొద మాత్రం మిగిలింది. అందులో ఏది మేవిస్ గొంతో, ఏది వసంతదో విడదీయాలని అతనికి అనిపించలేదు. గులాబీరంగు నీళ్లు, బెరడు ఊడిన నున్నటి చెట్లు, వాటి కింద తలమీద డబ్బాలు బోర్లించుకుని నడిచిపోతున్న పిల్లలు, వాళ్ల మీద నెమ్మదిగా పడుతున్న మంచు. అక్కడ మంచు పడదని ఎవరో అంటున్నారు. పడనీ అనుకున్నాడు.

"ఏవండీ" అని పిలిచింది వసంతలక్ష్మి. పలకకపోయేసరికి లేచి వచ్చి చూసి, అతని ఒళ్లో ఉన్న ఖాళీ కప్పు తీసి పక్కన పెట్టింది.